అక్షింతలు పడని కథ

పల్లిపాలెం,
18-6-2000.

చిరంజీవి సౌభాగ్యవతి వెంకటదుర్గకు మీ అత్త మరిడమ్మ దీవించి, చెప్పి రాయించునది.

రాసేది అంగన్‌వాడీ బేబీ. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మొదటి ముక్క దగ్గరే కలం ఆపి "సౌభాగ్యవతి అనే రాయమంటారా మామ్మగారూ?" అంది. రాయమన్నాను. నా కొడుకు పోతురాజు తొంభై ఆరు తుఫానులో వేటకెళ్లి తిరిగి రాలేదన్నది నిజమే. కానీ వాడి శవాన్ని చూసినవాడు ఈ రేవులో ఒక్కడూ లేడు. చూడనిదాన్ని నేను నమ్మను. కాబట్టి నువ్వు సౌభాగ్యవతివే.

ఇక్కడ అందరం కులాసా. రొయ్య బాగానే పడుతోంది. మన పిల్లి గూట్లో నాలుగు పిల్లల్ని పెట్టింది, అందులో ఒకదానికి తోక లేదు.

సంగతేంటంటే, సుప్రియ సెలవులకి వచ్చి మొన్న బుధవారం బస్సెక్కింది కదా. దాని సంచిలో ఒక పుస్తకం తక్కువ ఉంటుంది. వెతుక్కోవద్దని చెప్పు. నేనే తీశాను. దొంగతనం మా ఇంటా వంటా లేదు, అందుకే తీసిన సంగతి కాగితం మీద పెట్టిస్తున్నాను.

ఆ పుస్తకం నువ్వు చూశావా అసలు? ఇటుకంత ఉంది. అట్ట మీద ఒక ఆడపిల్ల జుట్టు విరబోసుకుని నిలబడింది. భుజం మీద గుడ్లగూబ. ఇంటి చూరు మీద వాలితేనే శాంతి చేయించుకుంటామే, దాన్ని చిలకలాగా ఎక్కించుకుని నవ్వుతోంది. కాళ్ల కింద నీళ్లు. నీళ్ల కింద దీపాలు పెట్టిన ఊరు. ఇది పిల్లల పుస్తకమంటే ఎవరు నమ్ముతారు?

నీ కూతురు బోర్లించిన పడవ మీద కూర్చుని పొద్దస్తమానం అదే పని. అన్నానికి పిలిస్తే పలకదు. "ఏముందే అందులో?" అంటే, "ఏటి అడుగున ఒక ఊరుంది నానమ్మా, దానికి ఏడు తలుపులు, ఒక్కో తలుపూ ఒక్కోటి అడుగుతుంది" అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని చూపు నా మీద లేదు, సముద్రం మీద ఉంది. మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు తీసి ఎండుచేపల గంపలో అడుక్కి తోసేశాను. అక్కడ చెయ్యి పెట్టదులే.

మేమూ పిల్లలకి కథలు చెప్పినవాళ్లమే. కానీ నోటితో చెప్పే కథకి చెప్పేవాళ్ల మొహం కనిపిస్తుంది. కళ్లలోకి చూసి నిజమో అబద్ధమో పోల్చుకోవచ్చు. రేడియో, ఫోను, పుస్తకం, ఈ మూడూ మొహం దాచుకుని మాట్లాడేవే. నేను మూడింటినీ నమ్మను. ఆ పుస్తకం రాసినవాడెవడు? వాడికి పిల్లలున్నారా? మన పిల్లతో వాడికేం పని?

ఇంకో మాట. అది ఇచ్చింది జగన్నాథరావు మాస్టారని సుప్రియ చెప్పింది. ఎవరాయన? తోడు లేకుండా ఊళ్లో ఉంటున్నదాని కూతురికి అంత పుస్తకం ఊరికే ఎందుకిచ్చాడు? జవాబు కాగితం మీదే పంపు. ఇక్కడి టెలిఫోను బూతుకి ఫోను చెయ్యకు. ఫోనులో అన్నమాట గాలికి పోతుంది, రేపు అనలేదంటావు.

ఇట్లు,
మీ అత్త మరిడమ్మ, వేలిముద్ర.


రాజమండ్రి,
25-6-2000.

పూజ్యులైన అత్తయ్యగారికి వెంకటదుర్గ నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. పుస్తకం మీ దగ్గరుందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. బస్సులో పోగొట్టిందనుకుని దాన్ని ఒక దెబ్బ కూడా వేశాను.

జగన్నాథరావు మాస్టారు సుప్రియ చదివే మునిసిపల్ స్కూల్లో లైబ్రరీ చూస్తారండి. వచ్చే ఏడు రిటైరవుతారు. ముగ్గురు మనవరాళ్లున్నారు. చేతిరాత పోటీలో మొదటి బహుమతి వస్తే అందరి ముందూ ఆ పుస్తకం ఇచ్చారు. అంతకు మించి ఏమీ లేదు. నేను ఆయన్ని చూసింది రెండుసార్లు, రెండుసార్లూ ఆయన కళ్లజోడు వెతుక్కుంటున్నారు.

నేను చదివింది ఏడో తరగతి. పని చేసే నర్సింగ్ హోమ్‌లో ఆయాకి ఆదివారం కూడా డ్యూటీ ఉంటుంది. దాని పుస్తకం నేను తెరిచి చూడలేదు, ఒప్పుకుంటాను. కానీ అది రోజూ అడుగుతోంది. "నూట పన్నెండో పేజీలో ఉన్నానమ్మా, నాలుగో తలుపు ఇప్పుడే తెరుచుకుంది, తర్వాత ఏమైందో" అంటుంది. బేబీ చేత కట్టించి పంపండి అత్తయ్యా. పిల్ల మనసు అక్కడే చిక్కుకుపోయింది. పరధ్యానం ఎక్కువైంది. మొన్న కోటిలింగాల రేవు దగ్గర కొత్త చెప్పొకటి పోగొట్టుకొచ్చింది. ఒక్కటే. రెండోది చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది.

ఇంకో సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. ఆరో తరగతి ఫారంలో తండ్రి ఉన్నారా, లేరా అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేశాను. క్లాసు టీచరు రెండుసార్లు వెనక్కి పంపింది. నాలుగేళ్లవుతోంది. శవం దొరకనివాళ్లకి దర్భలతో బొమ్మ చేసి కార్యం జరిపిస్తారట, ఇక్కడ రేవులో పంతులుగారు చెప్పారు. ఈ ఏడన్నా ఆ పని చేద్దామా? మీరు సరేనంటేనే.

సుప్రియ దండం పెడుతోంది. తోకలేని పిల్లికి ఏం పేరు పెట్టారని అడుగుతోంది.

మీ కోడలు,
వెంకటదుర్గ.


పల్లిపాలెం,
3-7-2000.

చిరంజీవి సౌభాగ్యవతి వెంకటదుర్గకు మరిడమ్మ రాయించునది.

సౌభాగ్యవతి అన్నది ఈసారి రెండుసార్లు రాయమన్నాను. బేబీ ఒక్కసారే రాసింది. నాకు చదువు రాకపోయినా లెక్క వచ్చు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. ఒకే కాగితం మీద పైన మాస్టారు, కింద కార్యం. మధ్యలో ఒక చెప్పు. ఎవరికైనా ఏమనిపిస్తుంది? నాలుగేళ్లుగా అడగని కార్యం ఇప్పుడెందుకు అడుగుతున్నావు? కార్యం చేసేస్తే నీ కాళ్లకి బంధం ఊడిపోతుంది. తర్వాత ఎటైనా నడవొచ్చు. కళ్లజోడు వెతుక్కునే మగవాళ్లని నేనూ చూశాను, వాళ్లకి కావలసింది మాత్రం బాగానే కనిపిస్తుంది.

"మామ్మగారూ, ఈ మాట వద్దండి" అని బేబీ కలం కింద పెట్టేసింది. "నీ కలం నీది, నా నోరు నాది, రాయి" అన్నాను. రాస్తోంది. మళ్లీ చదివించుకుని చూస్తాను, ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను.

నా కొడుకు కంచం ఇప్పటికీ తోమి బోర్లిస్తున్నాను. వాడి వల చిరిగితే నేనే అల్లుతున్నాను. చేప చచ్చినా రేవుకొచ్చి పడుతుంది. మనిషి ఎందుకు రాడు? దర్భబొమ్మని కాల్చి, అదే నా కొడుకని చెప్పమంటావా? అది కథ కాదా? గుడ్లగూబ కథ వద్దన్నదాన్ని గడ్డిబొమ్మ కథ నమ్మమంటున్నావు.

ఇంకో మాట కడుపులో పెట్టుకుని ఐదేళ్లయింది. ఇవాళ కక్కేస్తున్నాను. తొంభై ఐదు కార్తీకంలో అందరం అన్నవరం వెళ్లాం. వ్రతం జరుగుతోంది, ఐదో కథ సగంలో ఉంది, అక్షింతలు గుప్పిట్లోనే ఉన్నాయి. నువ్వు లేచి వెళ్లిపోయావు. కథ సగంలో లేవకూడదని, అయ్యాక అక్షింతలు నెత్తిన వేసుకుని ప్రసాదం తిన్నాకే కాలు కదపాలని పసిపిల్లకైనా తెలుసు. కథలోనే ఉంది కదా, ఆగలేక లేచి పరిగెత్తినామె మొగుడి పడవ ఏమైందో. అది విని కూడా లేచావు. ఏడాది తిరిగేసరికి మన పడవ రాలేదు. నేను ఇంకేమీ అనడం లేదు. నీకు సగంలో లేవడం అలవాటని మాత్రం అంటున్నాను.

పుస్తకం పంపను. చదివిస్తాను. ఇవాళ్టి నుంచి అంగన్‌వాడీ వదలగానే బేబీ అరగంట చదువుతుంది, నేను వింటాను. తప్పున్న ప్రతి పేజీ మూలా మడిపిస్తాను. అన్నీ అయ్యాక ఆ మాస్టారి మొహం మీద వేసి "ఇవన్నీ పదేళ్ల పిల్లకి తగినవేనా, చెప్పండి" అని అడుగుతాను.

పిల్లికి పేరెందుకు? పిల్లి.

మీ అత్త మరిడమ్మ, వేలిముద్ర.


రాజమండ్రి,
12-7-2000.

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం డ్యూటీలో ఉండగా వచ్చింది. లినెన్ గదిలో తలుపేసుకుని చదివాను. మీరు ఏమన్నా పడేదాన్నే, ఇన్నేళ్లూ పడ్డాను. మాస్టారి గురించి రాసినదానికి జవాబివ్వను. మీరే ఒకరోజు ఆయన్ని చూస్తే మీకే సిగ్గేస్తుంది.

అన్నవరం సంగతి రాస్తాను. ఆ రోజు సుప్రియకి జ్వరం. నా ఒళ్లోనే వాంతి చేసుకుంది. పక్కనున్నవాళ్ల పూజాసామాను మీద పడుతుందని ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. మొహం కడిగి తిరిగొచ్చేసరికి కథ అయిపోయింది. మీ అబ్బాయి తన అక్షింతల్లో సగం దాచి నా నెత్తిన వేశారు. "ఏం ఫరవాలేదులే" అని నవ్వారు. ఆయన ఫరవాలేదన్నదాన్ని మీరు ఐదేళ్లు మోశారా? మీ ఇంట్లో ఒకే పొయ్యి దగ్గర వండుకుని తిన్నాం కదా అత్తయ్యా. ఆ ముద్ద నాకు పెట్టేటప్పుడు కూడా ఇదే అనుకున్నారా?

సరే. నేనూ ఒకటి అడుగుతాను. సెలవులకి మీ దగ్గరికొచ్చి వెళ్లాకే పిల్ల మారింది. అక్కడ మీరు దానికి ఏం చెప్పారు? స్కూలు వదలగానే కోటిలింగాల రేవుకి వెళ్తోంది. చేపలకి మరమరాలు వేస్తున్నానంటుంది. గోదారికి ఎర్రనీళ్లొచ్చాయి, కింది మెట్లు మునిగాయి, వెళ్లొద్దంటే తలూపుతుంది, మళ్లీ వెళ్తుంది. నేను ఇంటికి చేరేసరికి ఏడవుతుంది, ఎవరితో కాపలా పెట్టను? పోయిన వారం జడ రిబ్బను పోగొట్టింది. నిన్న చేతికి గాజుల్లేవు. రెండు చేతులవీ. పగిలాయా అంటే లేదంది, ఎవరికైనా ఇచ్చావా అంటే ఊ అంది. ఎవరికే అంటే చెప్పదు.

నాకు భయంగా ఉంది. మీతో పోట్లాడే ఓపిక లేదు. నర్సింగ్ హోమ్ ఫోను నంబరు కవరు వెనక రాశాను. ఎందుకు రాశానో నాకే తెలియదు, మీరు ఎలాగూ చెయ్యరు.

వెంకటదుర్గ.


పల్లిపాలెం,
18-7-2000.

చిరంజీవి సౌభాగ్యవతి వెంకటదుర్గకు మరిడమ్మ రాయించునది.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్నే వచ్చింది. బేబీ గబగబా ఒకసారి చదివింది. వాంతి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పోతురాజు కూడా చెప్పలేదు. దాని గురించి తర్వాత మాట్లాడతాను. ఆషాఢం, పెద్దాపురంలో ఆ తల్లి జాతర జరుగుతోంది. ఆవిడ పేరు పెట్టుకున్నదాన్ని, ఈ నెలలో గొంతు పెంచకూడదనుకున్నాను.

ముందు పుస్తకం. రెండు వారాలుగా వింటున్నాను. బేబీ చదువుతుంటే అంగన్‌వాడీ పిల్లలు కూడా ఇళ్లకి పోకుండా చుట్టూ చేరుతున్నారు. తరిమితే పోవడం లేదు. కోడిగుడ్లు పెట్టినప్పుడు కూడా అంత బుద్ధిగా కూర్చోరు. ఇదే చెప్తోంది ఆ పుస్తకంలో ఏదో మందుందని.

తప్పులు చెప్తాను విను. ఆ పిల్ల ఇంట్లో చెప్పకుండా గడప దాటుతుంది. గుడ్లగూబ మాట్లాడుతుంది, అదీ పెద్దమనిషిలాగా. ఏటి మధ్యలో గొడుగేసుకుని ఒక ఎండ్రకాయ కూర్చుని దారి చెప్తుంది. ఎండ్రకాయ ఎప్పుడూ పక్కకి నడుస్తుంది, దాన్ని దారి అడిగేవాళ్లుంటారా? రాసినవాడు ఏరు చూసినవాడు కాదు. దీనికి బేబీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అది వేరే సంగతి.

ఆ పిల్ల తండ్రి నీళ్లలో పోయాడు. ఏటి అడుగున ఊళ్లో ఉన్నాడని ఎవరో చెప్తే, వెతుక్కుంటూ బయల్దేరింది. ఏడు తలుపులు దాటాలి. ఒక్కో తలుపూ ఒక్కోటి అడుగుతుంది, ఇస్తేనే తెరుచుకుంటుంది. మొదటి తలుపు ఒంటి చెప్పు అడిగింది. రెండో తలుపు జడకి కట్టిన

బేబీ, ఆగు. దుర్గ ఉత్తరం తియ్యి. అది కాదు, జూన్‌లో వచ్చింది. చెప్పు గురించి ఏం రాసింది? ఒక్కటేనా పోయింది? ఇవాళ వచ్చినదాంట్లో? రిబ్బను. గాజులు రెండు చేతులవీ. మూడో తలుపు ఏమడిగిందే? చదువు. గాజులేగా. నాలుగోది? అన్నం. తన వాటా అన్నం తినకుండా తెచ్చి ఇవ్వాలి. ఇస్తే తలుపు తెరుచుకుంది, ఆ పిల్ల నీళ్లలోకి అడుగు పెట్టింది. ఇక్కడేగా సుప్రియ మూల మడిచింది? నూట పన్నెండు. దాని తర్వాత అది చదవలేదు. నేను చదవనివ్వలేదు.

టైమెంత? నాలుగా? స్కూలు ఎన్నింటికి వదులుతారు? ఆ కవరు తే, వెనక నంబరుంది. కాగితం అక్కడ పడెయ్. లే.

దుర్గక్కా, ఇది బేబీని. మామ్మ నోటికొచ్చింది వచ్చినట్టు రాస్తూ పోయాను, లేవమనేదాకా నాకూ అర్థం కాలేదు. బూతు దాకా ఆవిడ నాకంటే ముందు పరిగెత్తింది. డెబ్బై ఏళ్ల మనిషి. ఫోను నా చేతిలోంచి లాక్కుని, తిరగేసి పట్టుకునే "దుర్గా, రేవుకి పో" అని అరిచింది. నేను సరిగ్గా పెట్టాను. ఎవరో నర్సుగారు ఎత్తారు, మీరు వినగానే చెప్పుల్లేకుండా పరిగెత్తారని తర్వాత చెప్పారు. మళ్లీ మోగేదాకా మామ్మ బూతు గడపలోనే కూర్చుంది. పిల్ల క్షేమమని మీరు చెప్పాక కూడా లేవలేదు. ఈ కాగితం చించేద్దామంటే వద్దంది, ఉన్నదున్నట్టు పోస్టు చెయ్యమంది.

బేబీ.


రాజమండ్రి,
20-7-2000.

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఫోనులో క్షేమమని ఒక్కటే చెప్పగలిగాను. ఇప్పుడు వివరంగా రాస్తున్నాను. మీరే కాగితమైతే నిలుస్తుందన్నారు కదా.

నేను వెళ్లేసరికి సుప్రియ మునిగిన మెట్ల మీద నడుం దాకా నీళ్లలో ఉంది. ఒక చేత్తో పడవలు కట్టే ఇనపగొలుసు పట్టుకుంది. రెండో చేతిలో టిఫిన్ బాక్సు. పొద్దున నేను పెట్టిన అన్నం, చేపముక్క అలాగే ఉన్నాయి. మూత తీసి బాక్సుని నీళ్ల మీద పెట్టింది, అది గుండ్రంగా తిరిగి కొట్టుకుపోయింది. ఇంకో మెట్టు దిగడానికి గొలుసు వదిలేసింది. చిట్టియ్య అని రేవులో పడవ నడిపే ఆయన నా కేక విని దూకాడు. జుట్టు పట్టుకుని లాగాడు. రిబ్బను లేకపోవడం మంచిదైంది, జుట్టు విప్పి ఉంది, చేతికి అందింది.

ఏడవలేదు. ఒళ్లు తుడుస్తుంటే తనే చెప్పింది. "నానమ్మ చెప్పింది కదమ్మా, నాన్న గంగమ్మతల్లి ఇంట్లో పనికి కుదిరాడని, సెలవు దొరకట్లేదని. సెలవు ఇవ్వకపోతే నేనే వెళ్లి చూసొద్దామనుకున్నా. పుస్తకంలో దారుంది" అంది. దాని ఆరో ఏట మీరు చెప్పిన మాట అది. ఈ సెలవుల్లో కూడా అడిగిందట. "ఇంకా సెలవు దొరకలేదే" అన్నారట మీరు.

మిమ్మల్ని నిందించడానికి రాయడం లేదు అత్తయ్యా. మీరు ఆ మాట మొదటిసారి అన్నప్పుడు నేను పక్కనే కూర్చుని చేపలు తోముతున్నాను. కాదని చెప్పలేదు. పిల్ల ఏడుపు ఆపింది, చాల్లే అనుకున్నాను. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలిందీ నేనే.

ఇప్పుడు ఒక్కటే అడుగుతోంది. నాలుగో తలుపు తర్వాత ఏమైంది? ఆ పిల్ల వాళ్ల నాన్నని తెచ్చుకుందా? మంచం మీద పడుకోబెడితే గోడ వైపు తిరిగి అదే ప్రశ్న. నాకు తెలియదు. మాస్టారు వచ్చి పుస్తకం ఇంకోటి లేదన్నారు, పిల్లని చూసి అరుగు మీద కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నారు. అందులో ఏముందో మీకు తెలుసు. నేనేం చెప్పాలో చెప్పండి.

వెంకటదుర్గ.


పల్లిపాలెం,
26-7-2000.

చిరంజీవి వెంకటదుర్గకు మరిడమ్మ రాయించునది.

పైన ఒక మాట తగ్గింది, చూసే ఉంటావు. బేబీ మర్చిపోలేదు. నేనే వద్దన్నాను.

వరద ఎక్కువై గోదారి పాయ దాటించే పంటు ఆపేశారు. మనుషుల్ని దాటించడం లేదు, టపా సంచి ఒక్కటి నాటుపడవలో అవతలికి పంపుతున్నారు. సంచిలో నన్ను కూడా వేసి పంపమని పోస్టుమేన్‌ని అడిగాను. అందుకే ఈ ఉత్తరం ముందు వస్తోంది.

పుస్తకం మొత్తం అయిపోయింది. నీ ఉత్తరం వచ్చిన రోజున బేబీని లేవనివ్వలేదు, మూడు పూటల్లో చివరి పేజీ దాకా చదివించాను. ఏడో తలుపు దగ్గర తండ్రి ఉన్నాడు. ఆ పిల్ల వాడి చెయ్యి పట్టుకుని రమ్మంది. రాలేనన్నాడు. "ఈ తలుపు ఇటునుంచి నేనే వేస్తాను తల్లీ, అటునుంచి నువ్వు తట్టకు" అన్నాడు. వేసేశాడు. ఆ పిల్ల చాలాసేపు నిలబడి, తట్టకుండానే వెనక్కి తిరిగింది. గాజులూ, రిబ్బనూ దారిలో దానివి దానికి వచ్చేశాయి. చెప్పు ఒక్కటి మాత్రం రాలేదు, ఎందుకో రాసినవాడికే తెలియాలి. నువ్వు సుప్రియకి కొత్త జత కొనిపెట్టు.

ఆ పేజీ విన్నాక చించి పొయ్యిలో పెట్టేద్దామనుకున్నాను దుర్గా. దాచను. చెయ్యి చాపాను కూడా. అంగన్‌వాడీ పిల్లలు నా చెయ్యి వంక చూస్తున్నారు. ఒక పిల్ల, వీరాస్వామి మనవరాలు, "వాళ్ల నాన్న చచ్చిపోయాడా మామ్మా?" అంది. నాలుగేళ్లుగా ఈ పల్లెలో ఏ పెద్దమనిషీ నన్ను అడగలేని మాట అది. నేను "ఊ" అన్నాను. ఆ మాటకి నేను ఊ కొట్టడం అదే మొదటిసారి.

మొహం దాచుకున్న మాట నమ్మనని రాయించాను కదా. ఇది కూడా రాయి బేబీ, ఆపకు. తొంభై ఆరు నవంబరులో ఆ పొద్దున రేడియో తుఫానని చెప్పింది. పోతురాజు వల దింపేసి ఇంట్లో ఉంటానన్నాడు. "మొహం కనపడనివాడు ఏదో వాగితే మానేస్తావా, ఆకాశం చూడు, అద్దంలా ఉంది" అన్నది నేను. వల భుజానికెత్తిందీ నేనే. నువ్వు అప్పుడు నీళ్లకి వెళ్లావు, వినలేదు. విన్నవాడు ఇప్పుడు లేడు. ఆ బరువు మోయలేక అన్నవరంలో నువ్వు లేచిన సంగతి పట్టుకున్నాను. అది దొరక్కపోతే ఇంకోటి వెతికేదాన్ని.

ఆ పిల్లకి అబద్ధం చెప్పింది ఏ పుస్తకమూ కాదు. ఎదురుగా కూర్చుని, గడ్డం పట్టుకుని, కళ్లలోకి చూస్తూ చెప్పిన మొహం నాది. పుస్తకం నిజం చెప్పబోతుంటే మధ్యలో లాక్కున్నదాన్ని కూడా నేనే. కథ సగంలో లేవకూడదని నిన్నన్నదాన్ని, పిల్లని సగంలో లేపేశాను. నడి ఏట్లో దింపేశాను.

అయినా ఆ గుడ్లగూబ సంగతి నేను ఒప్పుకోను. అది మాస్టారితోనే తేల్చుకుంటాను. ఆయన గురించి రాయించినదానికి ఆయన కాళ్లు పట్టుకోను గానీ, కళ్లజోడు వెతికిపెడతాను.

ఇప్పుడు సుప్రియకి ఏం చెప్పాలంటే, కథ చెప్పకు. నా నోటితో కూడా చెప్పను, నా నోటి కథలు చాలు. ఒక్క ముక్క చెప్పు. ఆ పిల్ల పైకి వచ్చేస్తుంది. అంతే. మిగతాది అదే చదువుకుంటుంది. మనందరికీ వినిపించేలా, గట్టిగా.

పంటు కదిలిన రోజు నేను వస్తాను. పుస్తకం చీరలో చుట్టి తెస్తాను, ఎండుచేపల వాసన పోవడం లేదు, ఏమీ అనుకోవద్దని చెప్పు. పోతురాజు కంచం కూడా తెస్తున్నాను. రేవులో పంతులుగారికి దర్భలు చూసుకోమని కబురు పెట్టు. ముందు కథ, తర్వాతే కార్యం. ఫారంలో ఆ గడి కూడా నేను వచ్చాకే నింపు. వేలిముద్ర పడుతుందేమో అడుగు.

గుప్పెడు బియ్యంలో పసుపు కలిపి ఉంచు. నూట పన్నెండో పేజీ నుంచి అది చదువుతుంది. ఒక పక్క నువ్వు, ఒక పక్క నేను. అక్షింతలు నా గుప్పిట్లో ఉంటాయి. ఎవరు తలుపు తట్టినా, పాలు పొంగిపోయినా, ఈసారి కథ అయ్యేదాకా మన ముగ్గురిలో ఎవ్వరం లేవం.

తోకలేని పిల్లికి ఏ పేరు పెట్టాలో అది ఆలోచించి ఉంచమను.

నీ అత్త మరిడమ్మ, వేలిముద్ర.